ఒళ్ళు మాది, లెక్క ఎవరిది?

ఆరోగ్యం గురించి విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు రెండు మాటలు జంటగా వినిపిస్తున్నాయి. ఒకటి జీవశాస్త్రం, రెండోది ప్రవర్తన. మనిషి ఆరోగ్యాన్ని ఒంట్లోని జన్యువులు, హార్మోన్లు, రక్తం ఎంతవరకు నిర్ణయిస్తాయి. తిండి, నిద్ర, పని, మందు వేసుకోవడం, వేసుకోకపోవడం వంటి అలవాట్లు ఎంతవరకు నిర్ణయిస్తాయి అని రెంటినీ కలిపి చదివే శాస్త్రం ఇది. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు దీనికోసం ప్రత్యేక శాఖలే నడుపుతున్నాయి. మన దగ్గరకూ ఈ చదువు రావాలి. రావద్దనడం మన ఉద్దేశం కాదు. అయితే రాయలసీమ ఆడమనిషి ఒంటిని ఈ రెండు మాటల్లో ఇమిడ్చి చూపగలరా అన్నది ముందుగానే అడగాల్సిన ప్రశ్న.

'ప్రవర్తన' అన్న మాట దగ్గరే మనకు చిక్కు మొదలవుతుంది. బడి వదిలేటప్పుడు ఇచ్చే కాగితంలో 'ప్రవర్తన: సంతృప్తికరం' అని రాస్తారు. ఆడపిల్ల ప్రవర్తన అనగానే ఊళ్ళో వినపడే అర్థం ఇంకొకటి. శాస్త్రం ఆ అర్థంలో వాడటం లేదని మనకు తెలుసు. కానీ డాక్టరు గదిలో అర్థం ఏమంత మారదు. రక్తం లేదంటే "నువ్వు సరిగా తినవు", నడుం నొప్పంటే "నువ్వు సరిగా కూర్చోవు", కాన్పు కష్టమైతే "నువ్వు ముందే రావాల్సింది". ప్రతి జబ్బుకూ ముద్దాయి రోగిష్టి మనిషే.

ఈ మాటలు ఇడుపులపాయను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వేంపల్లె దాటి గండి వైపు వెళ్తే కొండల నడుమ వచ్చే ఈ ఊళ్ళో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం మొదలైంది. జనం దాన్ని ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి మార్కులతో, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు కొంత అదనపు వెసులుబాటుతో సీట్లిస్తారు. ఆరేళ్ళు అక్కడే ఉండి చదవాలి. మొదటి ఏడాది నూజివీడు, బాసర, ఇడుపులపాయ మూడు చోట్లా కలిపి వేలమందిని చేర్చుకున్నారు. కూలి చేసుకునే ఇళ్ళ నుంచి, చిన్న రైతుల ఇళ్ళ నుంచి, ప్రొద్దుటూరు మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఇది పెద్ద దారి. అందులో ఆడపిల్లల వాటా చిన్నదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిపోయింది. అట్లాంటి రాష్ట్రంలో పదిహేనేళ్ళ పిల్లకు ఆరేళ్ళ పాటు మంచం, భోజనం, పుస్తకం దొరకడమంటే అది చదువు మాత్రమే కాదు, ఆరోగ్యం కూడా. ఏ టానిక్కూ ఈ పని చేయలేదు.

ఇది ఇంజనీరింగు విశ్వవిద్యాలయం. వైద్యంతో దానికి పని లేదనిపించవచ్చు. కానీ పల్లెల నుంచి వచ్చిన వేలమంది యువతీయువకులు ఒకే వంట తిని, ఒకే నీళ్ళు తాగి, ఒకే గంటకు లేచే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? పక్కన కడపలో 2006లో వచ్చిన యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఈ మూడూ చేయి కలిపితే ఒంటికీ అలవాటుకీ ఉన్న సంబంధాన్ని చదవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు ఆ పనికి పూనుకుంటారు. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

అదే సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. ఇడుపులపాయ హాస్టలుకు పెట్టె మోసుకుని వచ్చే పిల్లల్లో సగానికి పైగా ఆ రక్తంతోనే వస్తారని అనుకోవాలి. ఇది జీవశాస్త్రమా, ప్రవర్తనా? ఆ పిల్ల ఒంటి చరిత్ర ఆమె పుట్టకముందే మొదలయిందని హైదరాబాదు దగ్గర జరిగిన ఒక అధ్యయనం చూపించింది. 1987 నుంచి 1990 వరకు నగరం పక్కనున్న 29 పల్లెల్లో, కొన్నింట అంగన్‌వాడీ ఆహారం అందింది, కొన్నింట ఇంకా మొదలుకాలేదు. అందిన ఊళ్ళలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. తల్లికి రోజుకు సుమారు 500 కేలరీలు, బిడ్డకు 300. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక జాతీయ పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి మళ్ళీ వెతికి పట్టుకుని కొలిచారు. 2008లో అచ్చయిన ఫలితం ఇది: ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు రెండో ఊళ్ళ పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. వాళ్ళ రక్తనాళాలు అంత బిరుసెక్కలేదు, ఇన్సులిన్ వాళ్ళ ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది.

పద్నాలుగు మిల్లీమీటర్లంటే ఒక వేలి మందం. ఆ వేలి మందం వెనక ఒక ప్రభుత్వ నిర్ణయం ఉంది. ఏ ఊళ్ళో అంగన్‌వాడీ ముందు తెరిచారు, ఏ ఊళ్ళో తరవాత తెరిచారు అన్నది పిల్లల రక్తనాళాల గోడల మీద రాసి ఉంది. దీన్ని జీవశాస్త్రం అని ఒక డబ్బాలో వేసి మూత పెడితే మనం ఒప్పుకోకూడదు.

తిండి అలవాటు సంగతి చూద్దాం. మన సీమలో సంగటి, కొర్రన్నం తిన్న తరాలున్నాయి. మెట్ట చేలల్లోకి చెనిక్కాయ వచ్చింది, కొర్రలు తగ్గాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, తిండిగింజ మారిపోయింది. ఆ బియ్యం ఎందరి కడుపు నింపిందో చెప్పనక్కరలేదు, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇప్పుడు చక్కెర జబ్బు వచ్చిన ఆమెతో "అన్నం తగ్గించు, చిరుధాన్యాలు తిను" అంటున్నారు. చౌకదుకాణం ఇచ్చిన అలవాటుకు ఆమెను తప్పుపట్టి, పట్నంలో బియ్యం కంటే ఎక్కువ ధర పలికే కొర్రలు కొనుక్కోమంటున్నారు.

తిండిని కొలిచే లెక్క కూడా చూడండి. మన దేశపు ఆహార సర్వేల్లో 'వినియోగ యూనిట్' అని ఒక కొలత ఉంది. కూర్చుని పనిచేసే మగవాడు ఒక యూనిట్. కూర్చుని పనిచేసే స్త్రీ 0.8. బరువు పని చేసే మగవాడు 1.6, అదే పని చేసే స్త్రీ 1.2. శరీరం బరువును బట్టి వేసిన లెక్క అంటారు. సరే. తెల్లారుజామున లేచి నీళ్ళు మోసి, వంట చేసి, కలుపుకు పోయి, వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించి, రాత్రి కూర్చుని చెనిక్కాయలు ఒలిచే ఆమె ఏ గడిలోకి వస్తుంది? ఇంట్లో చేసేది పని కాదనుకునే సమాజంలో ఆ గడి నింపే కలం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయం కాదు. జాతీయ పోషకాహార సంస్థలో ఏళ్ళపాటు పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న వంటివారు స్త్రీల పనిని, తిండిని, ఎముకలను కలిపి చూడాలని పట్టుబట్టారు. 30 నుంచి 60 ఏళ్ళ పేద స్త్రీల ఎముకల సాంద్రతను కొలిచి 2005లో వెలువరించిన అధ్యయనంలో ఆమెదీ ముఖ్య పాత్రే. సంపన్న దేశాల స్త్రీల కంటే మన పేద స్త్రీల ఎముకలు బాగా బలహీనంగా ఉన్నాయని అది తేల్చింది.

ఎముకల మాట వచ్చింది కాబట్టి గర్భసంచి మాట కూడా ఇక్కడే చెప్పాలి. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు వందకు మూడు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదికి పైనే. మనతో పోటీపడే రాష్ట్రం తెలంగాణే. ఆంధ్రా ఆడవాళ్ళ గర్భసంచి పుట్టుకతోనే నాసిరకమా? ఏ జీవశాస్త్రమూ అట్లా చెప్పదు. మరి ఇది ప్రవర్తనా? తెల్లబట్ట అవుతోందని, నెలసరి ఎక్కువవుతోందని వెళ్ళిన ముప్ఫై ఏళ్ళ మనిషికి "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దాంతో పనేముంది, ఉంచితే క్యాన్సరు అవుతుంది" అని చెప్పి పంపితే ఆమె తలూపుతుంది. ఆ తలూపడాన్ని 'ఎంపిక' అని రాసుకుంటారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది, అందులో అనుమానం లేదు. అదే పథకం కింద గర్భసంచి ఆపరేషన్లు పెరిగిపోవడంతో, వాటిని ప్రైవేటు ఆస్పత్రుల చేతిలోంచి తీయాల్సి వచ్చిందన్నది కూడా నిజమే. అండాశయాలతో సహా తీసేస్తే నెలసరి ఆగిన వయసులో రావాల్సిన ఎముకల క్షీణత అప్పుడే మొదలవుతుంది. అండాశయాలు మిగిల్చినా అవి ముందుగా డస్సిపోవచ్చు. నలభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టుకుని లేచే స్త్రీని చూసి పరిశోధకుడు 'వ్యాయామం లోపం' అని రాసుకోకుండా ఉంటాడని నమ్మకమేమిటి?

కుటుంబ నియంత్రణ ఆపరేషను సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషను చేయించుకున్నవారే. మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. మగవాడి ఆపరేషను చిన్నది, తేలిక అని ప్రతి డాక్టరుకూ తెలుసు. ఎవరి ప్రవర్తనను ఎవరు అధ్యయనం చేయాలి?

నీళ్ళ విషయం క్లుప్తంగా చెబుతాను. ఇదే పులివెందుల ప్రాంతంలో వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు పక్కనున్న కె.కె. కొట్టాల వంటి ఊళ్ళవాళ్ళు బోరునీళ్ళు చెడ్డాయని, అరటి తోటలు పాడయ్యాయని, ఒళ్ళంతా దురదలని ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. కంపెనీ కాదంటోంది. అక్కడ నీళ్ళు పట్టేదీ, గుడ్డలుతికేదీ, అంట్లు తోమేదీ ఎవరో వేరే చెప్పాలా? ఆ ఊళ్ళలో చర్మవ్యాధుల సర్వే చేసి 'వ్యక్తిగత పరిశుభ్రత' అని ఒక ప్రశ్న పెడితే దానికి జవాబు రాకుండా పోదు. ఆ ప్రశ్న ఎందుకు పెట్టారన్నదే మనం అడగాల్సింది.

ఇంతకంటే కటువైన విషయం ఒకటుంది. పరిశోధన అనే పని మన ఒంటి మీద ఎట్లా జరిగింది? 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను మీద ప్రయోగం మొదలుపెట్టారు. వచ్చిన స్త్రీలకు ఇది పిల్లలు పుట్టకుండా చేసే సూది అని చెప్పారు తప్ప, ఇది ప్రయోగమనీ, దీని కష్టనష్టాలు ఇవీ అనీ సరిగా చెప్పలేదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన మిత్రులు వెళ్ళి వివరంగా చెప్పాక చాలామంది వెనక్కి తగ్గారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

అది పాతకాలం అనుకుందామా? 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా మీద అధ్యయనం జరిగింది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి టీకాలు వేయించాయి. వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. ఖమ్మంలోనూ గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నా మటుకు ఆ టీకా అవసరమనే అనుకుంటాను. 2013 పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఉన్న అంకెలు మాత్రం చూడండి: 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లో, ప్రధానోపాధ్యాయులో సంతకం చేశారు. కన్నవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, పిల్ల హాస్టల్లో ఉంది, సంతకం వార్డెనుది.

ఇడుపులపాయ కూడా హాస్టలే. మొదటి రెండు మూడేళ్ళ పిల్లలు పద్దెనిమిది దాటనివాళ్ళు. కన్నవాళ్ళు ఎక్కడో చక్రాయపేటలోనో జమ్మలమడుగు పక్క పల్లెలోనో చేలో ఉంటారు. "అందరూ లైన్లో నిలబడండి, రక్తం తీస్తారు" అంటే లైన్లో నిలబడటం ఆ పిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పిన విద్య. నెలసరి గురించి, తిండి గురించి, మనసు బాగోకపోవడం గురించి అడిగే ప్రశ్నలకు ఆమె ఇచ్చే జవాబు వార్డెను చేతికో, ఇంటికో చేరితే ఏమవుతుంది? ఆరేళ్ళ చదువు ఆరు నెలల్లో ఆగిపోవచ్చు.

కాబట్టి ఈ చదువు ఇడుపులపాయకు రావడానికి ముందు కొన్ని సంగతులు కాగితం మీద ఉండాలి. పద్దెనిమిది లోపు పిల్లల విషయంలో కన్నవాళ్ళ సంతకంతో పాటు పిల్ల ఒప్పుదల కూడా తీసుకోవాలని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలే చెబుతున్నాయి. వార్డెను సంతకం చెల్లదని గోడ మీద రాయించాలి. కాదని చెప్పిన పిల్లకు మార్కుల్లో గానీ, భోజనంలో గానీ, సెలవుల్లో గానీ నష్టం రాకూడదు. పరిశోధన నైతిక సంఘంలో చదువుకున్న శాస్త్రజ్ఞులే కాక ఒక సాధారణ వ్యక్తి ఉండాలన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఆ కుర్చీని రిటైరైన అధికారికి ఇవ్వడం మన ఆనవాయితీ. అందులో వేంపల్లె పొదుపు సంఘం నుంచి ఒక స్త్రీ కూర్చోవాలి. ప్రశ్నాపత్రం మొదట ఆమె చదవాలి, అర్థం కాని ప్రశ్నను కొట్టేసే హక్కు ఆమెకుండాలి. 'వ్యక్తిగత అలవాట్లు' అనే పేజీకి ముందు ఇంకో పేజీ ఉండాలి: తాగే నీళ్ళు ఎక్కడివి, చౌకదుకాణంలో ఏమిచ్చారు, అమ్మకు కూలి ఎంత, ఆమెకు ఏ వయసులో ఏ ఆపరేషను ఎవరు చేయమన్నారు. ఫలితాలు విదేశీ పత్రికకు పోయేలోగా తెలుగులో అచ్చయి ఆ ఊళ్ళకు చేరాలి. రక్తం ఇచ్చిన ప్రతి పిల్లకూ ఆమె హిమోగ్లోబిన్ ఎంతో ఆ వారంలోనే చీటీ మీద రాసి, ఇంకెవరికీ కాకుండా, ఆమె చేతికే ఇవ్వాలి.