పురిటింటి బాధ్యత యెవరిది?

పురిటింటి మాట యెత్తగానే అది ఆడువారి వ్యవహారమని తప్పించుకొనుట మన గృహస్థులకు అలవాటైనది. బారసాల ముహూర్తమునకు పంచాంగము విప్పుటకును, బంధువులను పిలుచుటకును వారే ముందుందురు. ఆ బారసాలవఱకు శిశువు బ్రతికి బట్టకట్టుటకు వలసినదేమో విచారించువారు మాత్రము అరుదు. ఈ యుదాసీనత స్వల్పవిషయము గాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, మన దేశమున సజీవముగా పుట్టిన ప్రతి వేయిమందిలో సుమారు 35 మంది యేడాది నిండకుండ మరణించుచుండ, వారిలో 25 మంది మొదటి నెలలోనే పోవుచుండిరి.

అదే పరిశీలనలో మఱియొక సంగతి తేలినది. నూటికి 89 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినను, పుట్టిన గంటలోపల తల్లిపాలు దొరకిన బిడ్డలు నూటికి 42 మంది మాత్రమే. కాన్పు ఆసుపత్రికి చేరినది గాని ముర్రుపాలు బిడ్డకు చేరలేదు! పసుపువన్నెగా చిక్కగా నుండు నా పాలు చెడ్డవని పిండి పారబోయువారు నేటికిని కలరు. ఆవు ఈనిన యింట జున్నుకై మనము చేతులు చాచుదుము; దూడను పొదుగునకు విడువని రైతును నిందింతుము. మన బిడ్డకో, తేనెయు, పంచదార నీళ్లును, ఆముదమును నాకింతుము. మొదటి దినములలో చెంచాలకొలదిగా వచ్చు నా పాలే పసికడుపునకు చాలును. రోగముల నెదిరించు శక్తియు దానియందే కలదు. ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప మంచినీరైనను అక్కఱలేదు. తేనె యేడాదిలోపల ప్రమాదకరము.

పెద్దల యాచారములన్నియు మూఢములని మా యభిప్రాయము గాదు. పురుడు పేరిట పది దినములు తల్లీబిడ్డలను వేఱుగా నుంచి పదిమందిని రానీయకుండుట అంటురోగములనుండి రక్షణయే. తల్లి యొడిలోని వెచ్చదనము విలువను నేటి వైద్యులును ఒప్పుకొనిరి. నెలలు నిండని శిశువులను తల్లిరొమ్మున కానించి పెంచు పద్ధతిని 1978లో బొగోటా నగర వైద్యు లారంభింపగా, నేడది లోకమంతట వ్యాపించినది. కాని గాలి చొరని గది, బొగ్గుల కుంపటి, సాంబ్రాణి పొగ, పుట్టినవెంటనే స్నానము, బొడ్డుపై బూడిద యనువానిని రక్షణ యనజాలము. స్నానమునకు ఒక దినమైనను ఆగవలెను. బొడ్డును శుభ్రముగా, పొడిగా నుంచిన చాలును, అదియే రాలిపోవును.

"మేమందఱ మిట్లే పెరుగలేదా?" యని కొంద ఱడుగుదురు. పెరిగినవారే యడుగుచున్నారు, పురిటిలో పోయినవారు సాక్ష్యము చెప్పజాలరు. పూర్వము బొడ్డుకోసిన మురికి కత్తివలన ధనుర్వాతము సోకి యెందఱో శిశువులు మరణించిరి. గర్భిణులకు టీకాలు వేయుటచేతను, కాన్పునందు శుభ్రత పాటించుటచేతను ఆ వ్యాధి 2003లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను, 2015 నాటికి దేశమంతటను నిర్మూలితమైనట్లు ధ్రువపడినది. మహారాష్ట్రములోని గడ్చిరోలి పల్లెలలో అభయ్ బంగ్, రాణీ బంగ్ వైద్యదంపతులు గ్రామస్త్రీలకు శిశుసంరక్షణ నేర్పి యింటింటికి పంపగా, నెలలోపు శిశుమరణములు సగముకంటె నెక్కువ తగ్గినట్లు 1999లో ప్రకటితమైనది. ఆసుపత్రినుండి యిల్లు చేరిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆశా కార్యకర్త చూచు నేర్పాటు 2011 నుండి కలదు. ఆమెను వాకిటనే నిలిపి పంపువారు తమ బిడ్డకే ద్రోహము చేయుచున్నారు.

మగవాడు చేయవలసిన పని యిచటనే కలదు. ఇంటి ధనమును, బండియు, ఆసుపత్రికి పోవలెనను నిర్ణయమును సాధారణముగా అతని చేతిలోనివే. బిడ్డ పాలు త్రాగకపోయినను, నిమిషమునకు 60 సార్లు లేక అంతకు మించి యూపిరి తీసినను, ఒడలు కాలినను, చల్లబడినను, మూర్ఛ వచ్చినను, అరచేతులు అరికాళ్లు పసుపుపచ్చనైనను, దిష్టి తీయుచు తెల్లవారువఱకు కూర్చుండరాదు. ఆ రాత్రియే బయలుదేరవలెను.

చదువరులారా! ఈ పత్రికను పఠనమందిరముననే విడిచిపోవుడు. ఇందలి సంగతిని మాత్రము ఇంటికి కొనిపోయి, పురుడు రాకముందే మీ తల్లితోను, అత్తగారితోను, భార్యతోను ముచ్చటింపుడు. నొప్పులు వచ్చిన వేళ వాదములకు తావుండదు. జాతిసంపద యని మనము వేదికలపై పొగడు శిశువు మొదట కోరునది గుక్కెడు ముర్రుపాలు, కొంత వెచ్చదనము, శుభ్రమైన చేతులు. వీనికి ధనము వలదు, తండ్రికి శ్రద్ధ యుండిన చాలును.