పెరటి కోళ్లకు దిక్కెవరు?

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో పెరట్లో పది నాటుకోళ్లుంటే ఆ ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులున్నట్టే. వానల్లేక వేరుశనగ పోయిన ఏడాది బిడ్డల పుస్తకాలకూ, మందులకూ అక్కరకొచ్చేది ఆ కోళ్లే. ఊరకుక్కల గుంపు పడితే ఒక్క రాత్రిలో గూడు ఖాళీ అవుతుంది. ఆవు చస్తే పదిమంది వచ్చి చూస్తారు, కోడి పోతే లెక్క రాసే నాథుడు లేడు.

కడుపుమంటతో కొందరు విషం పెడదామంటున్నారు. అది వద్దు. జంతువులకు విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. ఆ విషం మన కాపలా కుక్కనూ, మన కోళ్లనూ వదలదు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. పంచాయతీ కూడా అందులోదే. నిధుల్లేవని చేతులెత్తేస్తే కుదరదు. ఆ నిధులూ, డాక్టర్లనూ ప్రభుత్వమే ఇవ్వాలి.

మన వంతు పనీ ఉంది. రాత్రిపూట కోళ్లను గంప కింద మూస్తే చాలదు, కుక్క తోసేస్తుంది. గూటి కింద బండలు పరచి, పలచటి వలకు బదులు గట్టి ఇనుప మెష్ కొట్టి, తలుపుకు గడియ పెట్టాలి. చికెన్ అంగళ్ల వ్యర్థాలు చెరువుకట్టల మీద పోయకుండా ఆపాలి. ఆ రుచి మరిగిన కుక్కలే మన పెరట్లోకొస్తాయి.

పోయిన ప్రతి కోడినీ తేదీతో రాసిపెట్టండి. ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం చేయించి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. ఒక్కరుగా కాదు, ఊరంతా కలిసి కదలాలి.