సొరుక్కి కొబ్బరినూనె రాసే పెద్దమనుషులకి

విశాఖపట్నంలో సొరుగు బిగుసుకుందని నోరు జారితే చాలు, సలహాలకి కరువుండదు. పెద్దవాళ్ళయితే "రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యి నాయనా" అంటారు. ఆఫీసులో అడిగితే "డబ్ల్యూడీ-40 కొట్టు బాసూ". ఇంకాస్త ముదిరినవాళ్ళు అమెరికాలో ఎవరో తన గరాజ్‌లో కూర్చుని తీసిన వీడియో చూపించి, డ్రై లూబ్రికెంట్ తప్ప ఇంకేదీ వాడకూడదని తీర్పు చెప్పేస్తారు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది. సొరుగు ఏ రకమో చూడరు, ఊరు ఏదో చూడరు, జవాబు మాత్రం రెడీ. ఎర్రర్ మెసేజి చదవకుండా గూగుల్లో దొరికిన మొదటి జవాబు కాపీ కొట్టేవాణ్ణి మన టీముల్లో ఏమంటామో మీకు తెలుసు.

సొరుగు గురించి ఇంత గొడవేంటి అంటారేమో. మా అమ్మకి వేళ్ళ కీళ్ళవాపు. మాత్రలు పెట్టుకునే సొరుగు రాత్రిపూట లాగలేక, మమ్మల్ని లేపడం ఇష్టంలేక, మాత్ర మర్నాటికి వాయిదా వేసేది. ఇది బయటపడ్డాక గానీ మా ఇంట్లో ఎవరికీ ఆ సొరుగు మీద ధ్యాస పోలేదు.

మన ఊరి సంగతి మిగతా ఊళ్ళలాంటిది కాదు. ఇక్కడ సొరుక్కి ఇద్దరు శత్రువులు. మొదటిది ఉప్పుగాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, గేటు బోల్టులు తుప్పుపట్టే తీరు రోజూ చూస్తూనే ఉంటారు. రెండోది ధూళి. 1933లో మొదలైన పోర్టు మనది. బొగ్గు, ఇనుప ఖనిజం దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. వన్‌టౌన్, జ్ఞానాపురం జనం ఈ నల్లధూళి గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు.

చిక్కెక్కడంటే, ఈ రెండిటి మందులూ ఒకదానికొకటి పడవు. ఉప్పు తగలకుండా ఇనుము మీద నూనో గ్రీజో ఒక పొర ఉండాలి. ధూళి అంటుకోకుండా ఉండాలంటే అలాంటి జిడ్డు పొరే ఉండకూడదు. జిడ్డులో కలిసిన ఖనిజపు పొడి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది, సొరుగు లాగిన ప్రతిసారీ బేరింగు బంతుల్ని అరగదీస్తుంది. పొడిగాలి ఊళ్ళో కూర్చున్నవాడి వీడియోలో ఈ తగువు ఉండదు, ఎందుకంటే వాడికి ఒక శత్రువే.

ఇప్పుడు ముగ్గురి సంగతీ విడివిడిగా. వేరుశనగ, నువ్వుల నూనెల్లాంటివి గాలి తగిలిన కొద్దీ బంకగా మారతాయి. నూనె సీసా మూత చుట్టూ పట్టే జిగురు చూడలేదూ, అదే. కొబ్బరినూనె అంత తొందరగా బంక కట్టదు, ఒప్పుకుంటాను. కానీ 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలుపెడుతుంది. సంక్రాంతి చలికి తలకి రాసుకునే సీసా గడ్డకడుతుంటే, చానెల్‌లో ఉన్నది మాత్రం ద్రవంగా ఉంటుందా?

డబ్ల్యూడీ-40 మీద నాకు ద్వేషం లేదు. దాని పేరే "వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్", నలభయ్యో ఫార్ములా. 1953లో శాన్ డియాగోలో పుట్టింది. అట్లాస్ క్షిపణి పైతొడుక్కి తుప్పు పట్టకుండా వాడారు. తేమని తరమడానికి, బిగుసుకున్న మరని వదిలించడానికి బ్రహ్మాండం. అందులో నూనె ఉంది గానీ పలచన. పైగా బాల్ బేరింగు చానెల్‌లో కంపెనీవాళ్ళు పెట్టిన గ్రీజుని అది కరిగించి కడిగేస్తుంది. నాలుగు రోజులు సొరుగు జారుతుంది, ఆ తర్వాత మొదటికే. సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ క్లోజ్ చేసినట్టు :). ఆ కంపెనీయే సిలికాన్ స్ప్రే, డ్రై పీటీఎఫ్ఈ స్ప్రే వేరే డబ్బాల్లో అమ్ముతోందంటే అర్థం చేసుకోవాలి కదా.

మరి నేనేమంటానంటే, ముందు సొరుగు బయటికి తీసి చూడండి. టెలిస్కోపిక్ చానెల్‌కి రెండుపక్కలా నల్ల ప్లాస్టిక్ మీటలుంటాయి, సాధారణంగా ఒకటి పైకి, ఒకటి కిందికి నొక్కితే సొరుగు ఊడొస్తుంది. స్క్రూ తల పైకి లేచి రాసుకుంటోందా, రెండు చానెళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయా, పార్టికల్ బోర్డు తడికి ఉబ్బిందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు కిటికీలు పగిలి ఇళ్ళలోకి వాన వచ్చింది కదా, అలా తడిసి ఉబ్బిన బోర్డుకి ఏ నూనె రాసినా దండగే. ఇవేమీ కాకపోతే అప్పుడు పాత జిడ్డంతా గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో తీసెయ్యండి. సగం సొరుగులు ఇక్కడే బాగుపడతాయి.

తాతల నాటి టేకు బల్ల అయితే, చెక్క మీద చెక్క జారేదానికి కొవ్వొత్తి రుద్దితే చాలు. శ్రావణంలో బిగిసిందని చిత్రిక పట్టించెయ్యకండి, ఎండలు వచ్చేసరికి అదే సొరుగు లొడలొడలాడుతుంది. నైలాన్ చక్రాల చానెల్ అయితే సిలికాన్ గుడ్డకి కొట్టుకుని తుడవండి. నేరుగా చెక్క మీద పడిందా, రేపు పాలిష్ పెట్టించేటప్పుడు అక్కడ పట్టదు, వడ్రంగి తిట్టుకుంటాడు. వంటింట్లో అయితే పొయ్యి ఆర్పి, కిటికీ తెరిచి మరీ కొట్టండి, ఈ స్ప్రేలకి మంట దగ్గర పనికిరాదు.

ఉక్కు బంతుల చానెల్ దగ్గరే ఊరి తగువంతా. సముద్రానికి దగ్గరగా ఉంటే వైట్ లిథియం గ్రీజు, బియ్యపుగింజంత. పదిసార్లు లాగి, తోసి, పైకి కనబడిందంతా తుడిచెయ్యండి. పొర ఉండాలి, జిడ్డు కనబడకూడదు. సముద్రానికి దూరంగా ధూళి ఎక్కువున్న చోట డ్రై పీటీఎఫ్ఈ కొట్టి, పూర్తిగా ఆరాక సొరుగు ఎక్కించండి. వన్‌టౌన్‌లా ఉప్పూ ధూళీ రెండూ ఉన్నచోట గ్రీజే, కాకపోతే ఇంకా పలచగా రాసి, వానాకాలానికి ముందొకసారి తర్వాతొకసారి విప్పి తుడుచుకోవాల్సిందే. ఒకసారి రాసి మర్చిపోయే మందు నాకైతే కనబడలేదు.

ఇక నా అసలు కోపం. మా మాడ్యులర్ కిచెన్ పెట్టినవాళ్ళు బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఫ్లాట్‌కి పలచటి జింకు పూత చానెళ్ళు బిగించి, తుప్పు పట్టాక "మీరేదో నూనె రాశారు, వారంటీ రాదు" అన్నారు. జింకు ఇనుము కోసం తను అరిగిపోయే పూత, పలచగా ఉంటే ఉప్పుగాలికి ఎన్నాళ్ళు ఆగుతుంది? "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని కొట్లాడి ఫ్యాక్టరీ తెచ్చుకున్న ఊరు మనది. అన్నట్టు ఆ ఫ్యాక్టరీలో చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్, ఛానళ్ళ లాంటివి. సొరుగు చానెల్‌కి వాడే పలచటి రేకు అక్కడ తయారవదు, కాబట్టి ఈ పాపం దానిది కాదు.

ఈసారి కిచెన్ కొటేషన్ చేతికిస్తే లామినేట్ రంగుల కార్డు పక్కన పెట్టి చానెల్ చేతికిమ్మనండి. స్టెయిన్‌లెస్ అంటే ఏ గ్రేడో అడగండి. 304కి కూడా సముద్రం పక్కన గోధుమరంగు మరకలు పడతాయి, 316 కాస్త మేలు, ఖరీదూ ఎక్కువే. జింకు పూతే అంటే, తుప్పుకి వారంటీ ఉందో లేదో, గ్రీజు రాస్తే అది పోతుందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి.