లెక్కల ముచ్చట: “అందరూ రాలేదు”

పోయిన నెల మన సంఘం విద్యార్థి వేతనాల నిధి లెక్క చూస్తుండగా జరిగిన ముచ్చట ఒకటి చదువరులకు చెప్పవలసి ఉన్నది. అందులో మా పొరపాటూ ఉన్నది గనుక దాచము.

కోశాధికారి గారి చిట్టాలో పన్నెండు నెలల జమలు ఒక వరుస. బ్యాంకు పుస్తకంలోనివి ఇంకొక వరుస. ఇంజనీరింగు చదువుతున్న మన కుర్రవాడొకడు రెండింటినీ కంప్యూటరుకెక్కించి, మ్యాట్‌లాబ్‌లో చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. “ఈ వరుస ఆ వరుసకు వేరుగా ఉన్నంతవరకు, తేడా పడ్డ నెలను చూపి దిద్దించుకో, ఆ పని ముగియగానే లెక్క కుదిరిందని చెప్పు” అని దాని సారాంశం. మీట నొక్కగానే “లెక్క కుదిరింది” అని వచ్చింది. మేము సంతోషించి సంతకానికి కలం తీశాము.

“ఆగండి, నాకు మూడు నెలలు కుదరలేదు” అన్నారు కోశాధికారి గారు. డెబ్బయి దాటిన మనిషి, చూపు ఆనలేదేమో అనుకున్నాము. యంత్రం మాట ముందు ఆయన మాట మాకు తేలికైపోయింది. ఆయన నొచ్చుకోక, ఒక్కొక్క నెల మీద వేలు పెట్టి చదివించారు. తొమ్మిది కుదిరాయి, మూడు కుదరలేదు.

యంత్రం అబద్ధమాడిందా? లేదు. “పెళ్ళివారందరూ రాలేదు” అంటే ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? మనం సందర్భాన్ని బట్టి గ్రహిస్తాము. యంత్రానికి ఒకటే కట్టడి. రెండు వరుసలను పోల్చమంటే మ్యాట్‌లాబ్ ఒక్క జవాబు చెప్పదు. పన్నెండు జతలకు పన్నెండు జవాబులు చెబుతుంది. లూపు షరతులో ఆ పన్నెండూ “ఔను” అయితేనే లోపలికి పోతుంది. “వేరా?” అంటే తొమ్మిది చోట్ల “కాదు” వచ్చింది. ఒక్క “కాదు” ఉన్నా చాలు, లూపు జరగదు. కుర్రవాడు అడగదలచినది “ఏ ఒక్క నెలైనా వేరా?” అని, అడిగినది “ప్రతి నెలా వేరా?” అని.

మందు సులభమే. షరతులో “ఎనీ” చేర్చాలి. లేదా “ఐస్‌ఈక్వల్”తో రెండు వరుసలూ పూర్తిగా సమానమా అని అడిగి, కాదన్నంతవరకు తిరగమనాలి. పైథాన్‌లోని న్యూమ్‌పై ఇంత చనువు తీసుకోదు. ఇలాంటి షరతు ఇస్తే “ఏదైనానా, అన్నీనా చెప్పు” అని తప్పు చూపి ఆగిపోతుంది. ఆర్ భాష పూర్వం మొదటి జవాబొక్కటే చూసుకుని సాగేది. 2022లో వచ్చిన 4.2 నుంచి అదీ ఆగుతున్నది.

ఇంకొక జాగ్రత్త. దశాంశాలు యంత్రంలో అచ్చంగా నిలవవు. 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అంటే కాదంటుంది. డబ్బును పైసలలో పూర్ణాంకాలుగా వ్రాసుకోవడం మేలు. కొలతలైతే, తేడా ఎంతవరకు క్షమ్యమో ముందే నిర్ణయించాలి. లేకుంటే సమానం కోసం కాచుకున్న లూపు ఎన్నటికీ ముగియకపోవచ్చు.

ఆ మూడు నెలల సంగతీ తేలింది. నెలాఖరున ఇచ్చిన చెక్కు బ్యాంకులో మరుసటి నెల జమపడడంతో రెండు నెలలు తేడా వచ్చాయి. మూడవది, చిట్టాలో 520కి బదులు 250 పడడం. “తేడా 270, తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. అంకెలు తారుమారైతే ఇలాగే ఉంటుంది నాయనా, తప్పు నాదే” అని కోశాధికారి గారే ఒప్పుకున్నారు. కుర్రవాడు తన తప్పు దిద్దుకున్నాడు. మేము మా తొందరపాటుకు ఆయనను మన్నించమని అడిగి, ఆ తరువాతనే సంతకం చేశాము.