బరువు తగ్గాక వచ్చే కడుపునొప్పి గ్యాసేనా?

బేరియాట్రిక్ సర్జరీ ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోనూ మామూలు మాటైపోయింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి రావడంతో ఆ చర్చ ఇంకా పెరిగింది. ఎన్ని కిలోలు తగ్గామన్నదే అందరి లెక్క. పిత్తాశయం సంగతి మాత్రం ఎవరూ అడగరు.

ఒంట్లో కొవ్వు వేగంగా కరిగితే పైత్యరసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువగా చేరుతుంది. తిండి తగ్గడంతో పిత్తాశయం సరిగా ముడుచుకోదు. నిల్వ ఉండిపోయిన రసం చిక్కబడి రాళ్లు కడతాయి. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవారికి ముప్పు ఎక్కువ. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిపై 1995లో అమెరికాలో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆరు నెలల్లో మందు వాడనివారిలో 32 శాతం మందికి రాళ్లు వచ్చాయి. రోజుకు 600 మిల్లీగ్రాముల అర్సోడియాల్ వాడినవారిలో అది 2 శాతమే. అందుకే సర్జరీ తర్వాత చాలామంది సర్జన్లు ఆరు నెలలు ఈ మాత్రలు రాస్తారు. ‘బాగానే ఉన్నాను కదా’ అని మధ్యలోనే మానేసేవారూ ఉంటారు. అలా మానకండి.

మరి ముందే పిత్తాశయం తీయించేసుకుంటే పోలేదా? అందరికీ అక్కర్లేదు. రాళ్లున్నా చాలామందికి ఏ బాధా ఉండదు. సర్జరీకి ముందు అల్ట్రాసౌండ్‌లో రాళ్లు కనిపించి, నొప్పి కూడా వస్తుంటే అదే ఆపరేషన్‌లో తీసేయడం గురించి సర్జన్‌తో మాట్లాడాలి. బైపాస్ చేయించుకునేవారు ఇది తప్పక అడగండి. ఎందుకంటే తర్వాత రాయి జారి పైత్యనాళంలో ఇరుక్కుంటే నోటి ద్వారా ఎండోస్కోపీతో తీసే ఈఆర్‌సీపీ వాళ్లకు అంత తేలిక కాదు. ఆహారం వెళ్లే దారే మారిపోయి ఉంటుంది. స్లీవ్ చేయించుకున్నవారికి ఈ చిక్కు లేదు.

తిన్న తర్వాత రొమ్ము కింద గానీ, కుడి డొక్క పైభాగంలో గానీ నొప్పి మొదలై అరగంటకు మించి ఉంటే, కుడి భుజం వైపు పాకితే, వాంతులైతే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి. (మన ఇళ్లలో గ్యాస్ కాని నొప్పే ఉండదు!) అల్ట్రాసౌండ్ చేయించుకోండి. చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, వీపులోకి పొడిచే తీవ్రమైన నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నాళంలో ఇన్ఫెక్షన్, క్లోమం వాపు ప్రాణం మీదికి తెస్తాయి. బైపాస్ అయినవారిలో పేగు మెలిపడినా ఇలాంటి నొప్పే వస్తుంది.

ఇంజెక్షన్లు వాడేవారికీ ఈ జాగ్రత్తలే. పిత్తాశయ సమస్యలు రావచ్చని ఆ మందుల సమాచార పత్రాల్లోనే ఉంది. అర్ధరాత్రి నొప్పితో క్యాజువాలిటీకి వచ్చినప్పుడు ‘ఏదో బరువు తగ్గే ఆపరేషన్’ అంటే మాకు సరిపోదు. అది బైపాసో స్లీవో తెలిసేలా డిశ్చార్జి సమ్మరీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంట్లో మరొకరి ఫోన్‌లోనూ ఉంచండి.