సముద్రగర్భానికి మహానౌక: ముంచే ముందు కడగవలసింది ఎంత?

1952 జులైలో తొలి ప్రయాణంలోనే అట్లాంటిక్ మహాసముద్రాన్ని 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటి రికార్డు నెలకొల్పిన అమెరికా ప్రయాణికుల నౌక ‘ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్’, 2025 ఫిబ్రవరి 19న టగ్ నౌకలు లాగుతుండగా ఫిలడెల్ఫియా రేవును విడిచింది. మార్చి 3న అలబామాలోని మోబిల్ రేవుకు చేరింది. అక్కడ దానిని శుభ్రపరిచి, ఫ్లోరిడా తీరానికి ఆవల మెక్సికో సింధుశాఖలో ముంచి, కృత్రిమ దిబ్బగా మార్చాలని ఒకలూసా కౌంటీ పాలకవర్గం నిర్ణయించింది. 990 అడుగుల ఈ నౌక మునిగితే ప్రపంచంలో అతి పెద్ద కృత్రిమ దిబ్బ అదే అవుతుంది.

జెట్ విమానాల పోటీకి తాళలేక ఈ నౌక 1969లోనే సేవల నుంచి తప్పుకున్నది. 2011లో దీనిని కొన్న పరిరక్షణ సంస్థ ఆశించిన పెట్టుబడులు రాలేదు. రేవు అద్దె వివాదం న్యాయస్థానానికి చేరగా, ఖాళీ చేయవలసిందిగా 2024 జూన్‌లో తీర్పు వెలువడింది. నౌకకు కౌంటీ చెల్లించిన ధర 10 లక్షల డాలర్లు. మొత్తం పథకానికి కోటి డాలర్లకు పైగా వ్యయమవుతుంది. తుక్కుకు అమ్మితే ఉక్కు ధరైనా దక్కేది. డైవింగ్ పర్యాటకులపై ఆశతోనే కౌంటీ ఈ ఖర్చుకు సిద్ధపడింది.

ఇసుక నేలపై గట్టి ఉపరితలం దొరికితే నాచు, స్పంజికలు, నత్తలు దానిని ఆశ్రయిస్తాయి. వాటి వెంట చేపలు వస్తాయి. అయితే అవి అక్కడ కొత్తగా పెరిగిన చేపలా, చుట్టుపక్కల నుంచి వచ్చి గుమిగూడినవా అన్న చర్చ శాస్త్రవేత్తలలో నేటికీ ముగియలేదు. గుమిగూడినవే అయితే, వేటగాళ్లకు పని సులువు చేయడం తప్ప సముద్రానికి ఒరిగేది స్వల్పమే.

అంతకన్నా తీవ్రమైనది విషపదార్థాల సమస్య. అగ్నిప్రమాద భయంతో రూపశిల్పి విలియం ఫ్రాన్సిస్ గిబ్స్ ఈ నౌకలో కొయ్య వాడకాన్ని దాదాపుగా నిషేధించి, ఆస్బెస్టాస్‌ను విరివిగా వాడారు. దానిని 1990 దశకంలో ఉక్రెయిన్‌లో తొలగించారు. ఆ కాలపు నౌకల రంగులలో, విద్యుత్ తీగల తొడుగులలో ఉండే పీసీబీ రసాయనాలు మరొక చిక్కు. ఇవి చేపల కొవ్వులో పేరుకుని, తిన్నవారి శరీరంలోకి చేరతాయి. 2006లో పెన్సకోలా సమీపాన ముంచిన విమానవాహక నౌక ‘ఒరిస్కనీ’లో కొంత పీసీబీని అలాగే ఉంచడానికి పర్యావరణ సంస్థ అనుమతించింది, ఆ తరువాత అక్కడి చేపలలో ఆ రసాయనం కనిపించింది. దిబ్బ పేరిట వ్యర్థాలను వదిలించుకున్న చరిత్ర కూడా ఫ్లోరిడాకు ఉన్నది. 1970 దశకంలో ఫోర్ట్ లాడర్‌డేల్ వద్ద ముంచిన దాదాపు 20 లక్షల పాత టైర్లు కట్లు తెగి, సహజ పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి.

ఈ ప్రశ్న ఇప్పుడు మన తీరానికీ వచ్చింది. 2024 జనవరిలో నౌకాదళ సేవల నుంచి విరమించిన ‘ఐ.ఎన్.ఎస్. గుల్దార్’ను మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరంలో ముంచి, కృత్రిమ దిబ్బగా, జలాంతర్గత ప్రదర్శనశాలగా తీర్చిదిద్దాలన్న పథకం సిద్ధమయింది. విశాఖ తీరాన ‘కురుసుర’ జలాంతర్గామి వలె ఒడ్డున నిలిపితే లోపాలు కంటికి కనిపిస్తాయి, సరిచేయవచ్చు. సముద్రం అడుగున ఆ వీలు తక్కువ. ‘గుల్దార్’ చిన్న నౌకే కావచ్చు. కానీ ముంచకముందే ఆ ప్రాంతపు చేపలలో రసాయనాల స్థాయిని నమోదు చేయకపోతే, రేపు మత్స్యకారులు ప్రశ్నించినప్పుడు పోల్చి చూపడానికి ఆధారమే ఉండదు.