మబ్బులో లాకరు

ఈ సంచికలో వడ్డీ లెక్కలకు సెలవు. ఇంటి కాగితాలు, ఫోటోలు ఫోన్ ద్వారా క్లౌడ్‌లో దాచుకోవడం పెద్దవాళ్ళకు ఎలా నేర్పాలో చెప్పుకుందాం. బళ్లారి, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాం, ఎక్కడ స్థిరపడ్డా మన కుటుంబాల్లో తాతల నాటి దస్తావేజు ఒక ఊళ్ళో, పెళ్ళి ఫోటోలు మరో ఊళ్ళో, పిల్లలు ఇంకో దేశంలో ఉంటారు. కనుక ఈ విద్య మనకు మరీ అవసరం.

క్లౌడ్ అంటే మబ్బు అని చెబితే మా కాలనీలో ఒక మామ్మగారు, "వానొస్తే తడిసిపోవూ నాయనా?" అన్నారు. నవ్వుతూ అన్నా, అది అడగవలసిన ప్రశ్నే. సొత్తు ఎక్కడుందో తెలియకుండా ఎవరు నమ్ముతారు? నిజానికి మబ్బేమీ లేదు. ఎక్కడో ఒక కంపెనీవారి పెద్ద కంప్యూటర్లుంటాయి. మన కాగితం నకలు వాటిలో ఉంటుంది. బ్యాంకు లాకరులాగే గది వాళ్ళది, సొత్తు మనది, తాళంచెవి మన పాస్‌వర్డు.

గూగుల్ ఖాతాకు 15 జీబీ వరకు స్థలం ఉచితం. మెయిలు, ఫోటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపే అది. ఫోన్‌లో డ్రైవ్ తెరిచి, స్కాన్ గుర్తు నొక్కితే కాగితాన్ని ఫోటో తీసి దాస్తుంది. వెంటనే పేరు పెట్టించండి. 'ఇంటి పన్ను రసీదు 2024' అని తెలుగులోనే రాయవచ్చు. పేరులేని కాగితం ఎక్కడ దాచినా దొరకదు.

నేర్పేవారు చాలామంది ఎక్కించడం చూపించి లేచిపోతారు. నన్నడిగితే చెరపడం కూడా మొదటి రోజే నేర్పాలి. గోడమీది క్యాలెండరు ఫోటో ఒకటి డ్రైవ్‌లో ఎక్కించి, వారి చేతనే చెరిపించండి. అది ట్రాష్ అనే బుట్టలో 30 రోజులుంటుంది. అక్కడినుంచి వారినే వెనక్కి తెమ్మనండి. పోయింది తిరిగి రావడం కళ్ళారా చూస్తే సగం భయం పోతుంది.

గూగుల్ ఫోటోస్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఫోన్ నిండిందని, పైన నకలు ఉందిగదా అని, ఆ యాప్‌లో ఫోటో చెరిపితే ఫోన్‌లోదీ, క్లౌడ్‌లోదీ రెండూ పోతాయి. బ్యాకప్ అయిన ఫోటో బుట్టలో 60 రోజులుంటుంది, ఆపైన రాదు. ఫోన్ ఖాళీ చేయడానికి 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే మీట ఉంది. అది క్లౌడ్‌లోని నకలు జోలికి పోదు. ఈ తేడా తెలియక మనవడి అన్నప్రాశన ఫోటోలు పోగొట్టుకునే వారున్నారు.

అన్నిటినీ అందులోనే పెట్టి నిశ్చింతగా ఉండకండి. ఇల్లు తనఖా పెట్టాలంటే మేము అసలు దస్తావేజే అడుగుతాం. 2015లో మొదలైన ప్రభుత్వ డిజిలాకర్ సంగతి వేరు. జారీ చేసిన శాఖ నుంచి నేరుగా అందులోకి వచ్చిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మనం ఫోటో తీసి పెట్టింది నకలే. ఏటీఎం పిన్ను మాత్రం ఎక్కడా ఎక్కించకండి.

లాకరుకు నామినీ ఉన్నట్టే గూగుల్ ఖాతాకూ ఒక ఏర్పాటుంది. పేరు 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్'. మనం ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఫలానా వారికి అప్పగించమని ముందే రాసిపెట్టవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమంటే, రెండేళ్ళు వాడని సొంత ఖాతాలను తొలగించవచ్చని ఆ సంస్థ 2023లో నియమం పెట్టింది. పెద్దాయన పోయాక ఫోన్ బీరువాలో పెట్టేస్తే, అందులో ఆయన దాచిన ఉత్తరాలూ, ఫోటోలూ ఇంట్లో ఎవరికీ తెలియకుండానే పోవచ్చు.

పండగ సెలవులకు పిల్లలొచ్చినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. పిల్లలకు ఒక్క మనవి. "ఇలా ఇవ్వు అమ్మమ్మా, నేను చేస్తా" అని ఫోన్ లాక్కోకండి. ఆలస్యమైనా మీట మీద వేలు ఆమెదే ఉండాలి. నామినీగా ఎవరిని రాయాలో కూడా ఆమెనే చెప్పనివ్వండి.